ఎస్‌ఎంపీఎస్‌కు కరెంటు బిల్లు కొలబద్ద కాదు

ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటరు కట్టించుకోవడానికి వెళ్తే, దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ గురించి కౌంటరు దగ్గర తరచుగా వినబడే మాట ఒకటుంది: "గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి. ఎక్కువ పెట్టిన డబ్బంతా రెండు మూడేళ్లలో కరెంటు బిల్లులోనే తిరిగొస్తుంది." నోయిడాలో, గురుగ్రామ్‌లో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు కుర్రాళ్లు కూడా ఈ మాటనే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఇది తప్పు. దీన్ని నమ్మి కొన్నవాళ్లు డబ్బు తిరిగొస్తుందని ఊరికే ఎదురుచూస్తారు. నమ్మకుండా కాగితం మీద లెక్క వేసుకున్నవాళ్లు "ఇదంతా దండగ" అని మంచి ఎస్‌ఎంపీఎస్‌నే వదిలేసి ఏడెనిమిది వందల రూపాయల డబ్బా బిగించుకుంటారు. ఈ రెండో నష్టమే పెద్దది.

లెక్క మనమే వేద్దాం. ఆటలు ఆడే కంప్యూటరు లోపలి భాగాలకు 300 వాట్లు కావాలనుకోండి. రోజుకు నాలుగు గంటల చొప్పున ఏడాది పొడవునా అదే లోడు మీద నడిచిందనుకోండి. ఎస్‌ఎంపీఎస్‌లకు బ్రాంజ్, గోల్డ్ లాంటి శ్రేణులిచ్చే 80 ప్లస్ పట్టికలో 115 వోల్టుల పరీక్ష ప్రకారం సగం లోడు దగ్గర బ్రాంజ్‌కు కనీసం 85 శాతం, గోల్డ్‌కు కనీసం 90 శాతం సామర్థ్యం ఉండాలి. అంటే గోడ నుంచి బ్రాంజ్ లాగేది 353 వాట్లు, గోల్డ్ లాగేది 333. తేడా 20 వాట్లు. ఏడాదికి దాదాపు 29 యూనిట్లు. ఢిల్లీలో 401 నుంచి 800 యూనిట్ల శ్లాబులో యూనిట్ ధర ఆరున్నర రూపాయలు. ఆ లెక్కన ఏడాదికి మిగిలేది 190 రూపాయల లోపే. రెండింటి ధరల మధ్య తేడా నాలుగు వేలే అనుకున్నా అది తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. సర్‌ఛార్జీలన్నీ కలిపినా కొన్నేళ్లు తగ్గుతుందేమో. పదేళ్ల వారంటీ ఉన్న వస్తువుకు పదిహేను, ఇరవై ఏళ్ల లాభం చూపించడం ఏం న్యాయం?

పైగా ఆ నాలుగు గంటలూ 300 వాట్ల లోడు ఉండదు. బ్రౌజరు తెరిచి పాఠాలు వినేటప్పుడు మామూలు డెస్క్‌టాప్‌కు ఎనభై వాట్లు చాలు. 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు అది పది శాతం కూడా కాదు. పది శాతం లోడు దగ్గర సామర్థ్యం ఇంత ఉండాలని 80 ప్లస్ అడిగేది టైటానియం లాంటి పై శ్రేణుల్లోనే. గోల్డ్‌ను పరీక్షించేది 20, 50, 100 శాతాల దగ్గర. రోజులో ఎక్కువ సేపు మీ కంప్యూటరు ఉండే చోట గోల్డ్ స్టిక్కరు ఏమీ చెప్పదన్నమాట. ఇక మునిర్కాలోనో ఓల్డ్ రాజేందర్ నగర్‌లోనో సొంత మీటరున్న చిన్న గదిలో ఉంటూ నెలకు 200 యూనిట్లు దాటని విద్యార్థికి 2019 ఆగస్టు నుంచి ప్రభుత్వ సబ్సిడీ కింద బిల్లే సున్నా. అతనికి మిగిలేదీ సున్నానే.

ఇంతకీ 80 ప్లస్ ఏమిటి? 2004లో అమెరికాలో విద్యుత్ పొదుపు కోసం మొదలైన ధ్రువీకరణ. తయారీదారు పంపిన నమూనాను 23 డిగ్రీల దగ్గర పరీక్షించి సామర్థ్యం, పవర్ ఫ్యాక్టర్ కొలుస్తారు. ఆ పనికి అది మంచిదే. దాని తప్పేమీ లేదు. అది కొలవనివాటికి కూడా దాన్నే సాక్ష్యంగా చూపించడం మన తప్పు. 12 వోల్టుల లైను మీద వోల్టేజి అలలు (రిపుల్) ఎంత, షార్ట్ అయితే ఆగుతుందా, వేడెక్కితే ఆగుతుందా, లోపలి కెపాసిటర్లు ఏవి అన్నవి దాని పరిధిలో లేవు.

ఇది నా ఊహ కాదు. గిగాబైట్ సంస్థ జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం మోడళ్లు రెండింటికీ గోల్డ్ ధ్రువీకరణ ఉంది, కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ సదుపాయమూ ఉంది. స్వతంత్ర పరీక్షల్లో అవి అధిక లోడు దగ్గర పేలిపోయాయి. 2021 ఆగస్టులో ఆ సంస్థే ప్రకటన ఇచ్చింది. అధిక లోడుకు రక్షణ పనిచేసే హద్దును 120–150 శాతం నుంచి 110–120 శాతానికి తగ్గించామని, కొన్ని సీరియల్ నంబర్ల యూనిట్లను మార్చి ఇస్తామని చెప్పింది. ఆ పేలుళ్ల ముందూ తర్వాతా స్టిక్కరు రంగు మారలేదు.

మరి ప్రీమియం ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు దేనికి పెట్టాలి? ముందు వేడికి. మే, జూన్ నెలల్లో ఎండ 45 డిగ్రీలు తాకే ఊరు ఢిల్లీ. డాబా మీద బర్సాతీ గదిలో, ఏసీ లేకుండా కూలరుతో నెట్టుకొచ్చేవాళ్ల ఇంట్లో గాలి 38, 40 దగ్గర ఉంటుంది. కేబినెట్ లోపల ఇంకో పది కలుపుకోండి. చౌక ఎస్‌ఎంపీఎస్‌ల మీద రాసిన వాట్లు చాలాసార్లు 25, 30 డిగ్రీల దగ్గరి మాట. మధ్య రకానివి 40 డిగ్రీల దాకా హామీ ఇస్తాయి. మంచివి 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి వాట్లు ఆగకుండా ఇస్తామని రాసి ఇస్తాయి. బ్రాంజ్‌కూ గోల్డ్‌కూ మధ్య ఐదు శాతం కన్నా 40కీ 50కీ మధ్య ఉన్న ఈ పది డిగ్రీలే ఢిల్లీవాళ్లు డబ్బు పెట్టి కొనాల్సినవి.

కెపాసిటర్ల సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్లు వాడే లెక్క. 2,000 గంటల ఆయుష్షుతో 85 డిగ్రీలకు తయారైనది 65 డిగ్రీల దగ్గర 8,000 గంటలు నడుస్తుంది. అన్నే గంటలకు 105 డిగ్రీలకు తయారైనది అదే చోట 32,000 గంటలు నడుస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు వాడేవారికి మొదటిది మూడేళ్లకే ఎండిపోతుంది, రెండోది పదేళ్లు దాటుతుంది. నిప్పాన్ కెమి-కాన్, రూబికాన్, నిచికాన్ లాంటి జపాన్ కంపెనీల కెపాసిటర్లు వాడామని తయారీదారులు డబ్బా మీద గొప్పగా వేసుకునేది ఇందుకే. ఆ గొప్ప వట్టిది కాదు.

రెండోది కరెంటు రెప్పపాటు. 2024 జూన్ 19న ఢిల్లీ విద్యుత్ డిమాండు 8,656 మెగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. అలాంటి వారాల్లో గల్లీ ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడుతుంది, వోల్టేజి కుంగుతుంది, దీపం ఒక్కసారి మినుక్కుమంటుంది. మన కరెంటులో ఒక ఆవృత్తికి పట్టేది 20 మిల్లీసెకన్లు. ఇంటెల్ 2022 ఫిబ్రవరిలో తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం, కరెంటు పోయాక 80 శాతం లోడు మీద 17 మిల్లీసెకన్ల పాటు ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో కంప్యూటరును నిలబెట్టాలి. ఇంటి ఇన్వర్టరు యూపీఎస్ మోడ్‌లో ఉంటే పది మిల్లీసెకన్ల చుట్టూ మారిపోతుంది, కాబట్టి మంచి ఎస్‌ఎంపీఎస్ దాన్ని దాటేస్తుంది. పెద్ద ప్రైమరీ కెపాసిటర్ ఖర్చు మిగుల్చుకున్న చౌక రకం దాటలేదు, కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. నిందేమో ఇన్వర్టరు మీద పడుతుంది.

ఇక్కడ అతిగా చెప్పేవాళ్లను కూడా ఖండించాలి. "ఖరీదైన ఎస్‌ఎంపీఎస్ ఉంటే యూపీఎస్ అక్కర్లేదు" అనేది అబద్ధం. గురుగ్రామ్ సొసైటీల్లో కరెంటు పోయి జనరేటరు అందుకోవడానికి పట్టేది సెకన్లు, 17 మిల్లీసెకన్లు కాదు. ఇన్వర్టరు మీట ఎకో మోడ్ మీద ఉంటే ముప్పై, నలభై మిల్లీసెకన్లు పట్టవచ్చు, అప్పుడు ఏ గోల్డూ ఏ ప్లాటినమూ ఆదుకోదు. "మంచిది పెడితే కేబినెట్ షాక్ కొట్టదు" అనేదీ అబద్ధమే. ఎర్తింగ్ లేని గదిలో కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమనేది ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల. మంచి ఎస్‌ఎంపీఎస్‌లో ఆ ఫిల్టర్ తప్పకుండా ఉంటుంది. దానికి మందు మూడో పిన్నుకు వైరు లాగించడమే. అద్దె ఇల్లని ఊరుకోకుండా ఇంటి యజమానిని అడగండి. ఇక వీధిలో న్యూట్రల్ తెగి ఇంట్లోకి 400 వోల్టుల దాకా వస్తే ఏ ఎస్‌ఎంపీఎస్ అయినా పోవచ్చు. పోయేటప్పుడు మదర్‌బోర్డునూ డిస్కునూ వెంట తీసుకుపోకపోవడమే మంచిదాని లక్షణం. ప్రీమియం అన్న మాటకు నేను ఒప్పుకునే అర్థం ఇది.

వాట్ల పిచ్చి ఇంకోటి. 115 వాట్లు లాగే ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, 65 వాట్ల రైజెన్ ప్రాసెసరు ఉన్న కంప్యూటరుకు 850 వాట్లు అంటగడతారు. దానికి నిజాయితీగల 550 వాట్లు ఎక్కువే. నిజాయితీ లేబుల్‌లోనే కనబడుతుంది. 12 వోల్టుల గడిలో రాసిన ఆంపియర్లను పన్నెండుతో గుణించండి. 750 వాట్ల దానికి ఆ ఆంపియర్లు 62 చుట్టూ ఉండాలి. "450 వాట్లు" అని ముందు పెద్దక్షరాలతో రాసి వెనక 12 వోల్టులకు 16 ఆంపియర్లే చూపిస్తే అది మీ గ్రాఫిక్స్ కార్డుకు 192 వాట్ల యంత్రం. గ్రాఫిక్స్ కార్డే లేని కంప్యూటరులో ఉత్తరాలు, లెక్కలు చేసుకునేవారికి ఐదేళ్ల వారంటీ ఉన్న మంచి బ్రాంజ్ చాలు. అంతకు మించి వాళ్లకు అమ్మడం అన్యాయం. 4090 స్థాయి కార్డు పెట్టేవాళ్ల సంగతి వేరు. ఆ కార్డులు సెకనులో వెయ్యో వంతు సేపు కూడా ఉండని ఉప్పెనలు లాగుతాయి. 600 వాట్ల కొత్త కనెక్టరు ఇచ్చే ఏటీఎక్స్ 3.0 ఎస్‌ఎంపీఎస్ తన వాట్లకు రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలి. అక్కడ పొదుపు పనికిరాదు.

ఈసారి కౌంటరు దగ్గర బిల్లు ఆదా మాట ఎవరైనా ఎత్తితే ఆపండి. పూర్తి వాట్ల హామీ ఎన్ని డిగ్రీల దగ్గర? ఓవర్ టెంపరేచర్ రక్షణ ఉందా? కరెంటు పోయాక నిలబెట్టే సమయం (హోల్డ్-అప్) ఎంత? సైబెనెటిక్స్ లాంటి స్వతంత్ర ప్రయోగశాల నివేదిక ఉందా? వారంటీ ఏడేళ్లా పదేళ్లా, సర్వీసు సెంటరు ఎన్‌సీఆర్‌లో ఎక్కడ? ఈ ప్రశ్నలకు జవాబు డబ్బా మీదో కంపెనీ పత్రంలోనో చూపించమనండి. చూపించలేకపోతే ఎంత మెరిసే స్టిక్కరున్నా తీసుకోకండి. చూపిస్తే, సీరియల్ నంబరు రాసిన పక్కా బిల్లు తీసుకుని ఇంటికి తెచ్చుకోండి. నంబరు లేని చీటీతో పదేళ్ల వారంటీ సర్వీసు సెంటరులో చెల్లదు.