బరువు తగ్గించే పెప్టైడ్ సూదులు: ఒళ్లు చెల్లించే మూల్యం

బరువు తగ్గడానికి ఇప్పుడు వాడుతున్న పెప్టైడ్ ఇంజెక్షన్లలో ముఖ్యమైనవి రెండు: సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్. అమైనో ఆమ్లాలు కొన్ని గొలుసుగా కలిస్తే పెప్టైడ్ అవుతుంది. ఇన్సులిన్ కూడా ఈ కోవలోదే. మింగితే జీర్ణరసాలు ముక్కలు చేసేస్తాయి కనుక వీటిని సాధారణంగా చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. భోజనం పేగుల్లోకి దిగగానే అక్కడి కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. క్లోమం నుంచి ఇన్సులిన్ రావడానికి అది తోడ్పడుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలన్న కబురు మెదడుకు అందిస్తుంది. అయితే దాని ఆయుష్షు చాలా తక్కువ. రక్తంలోకి వచ్చిన ఒకటి రెండు నిమిషాల్లోనే సగం నశిస్తుంది. దాన్ని అనుకరించేలా తయారైన సెమాగ్లూటైడ్ సగానికి తగ్గాలంటే దాదాపు వారం పడుతుంది. భోజనం తర్వాత కాసేపు ఉండి పోవలసిన సంకేతం వారమంతా ఆగకుండా మోగుతూనే ఉంటుందన్నమాట. ఈ మందుల బలమంతా అందులోనే ఉంది, అవి తెచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి మూలమూ అదే.

ఈ వర్గంలో మొదటి మందుకు దారి చూపింది అమెరికా ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి. దాని లాలాజలంలో జీఎల్‌పీ-1ను పోలిన పెప్టైడ్‌ను జాన్ ఇంగ్ అనే వైద్యుడు గుర్తించి 1992లో ప్రకటించారు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో మధుమేహం మందుగా అనుమతి వచ్చింది. సెమాగ్లూటైడ్‌ను బరువు తగ్గడానికే వాడేందుకు అక్కడ 2021లో అనుమతించారు. భారత్‌లో టిర్జెపటైడ్ 2025 మార్చిలో ‘మౌంజారో’ పేరుతోనూ, సెమాగ్లూటైడ్ ఆ జూన్‌లో ‘వెగోవీ’ పేరుతోనూ మార్కెట్లోకి వచ్చాయి. 2026 మార్చితో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు తీరింది. దాని జనరిక్‌ల కోసం ముందునుంచే సిద్ధమైన సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, నాట్కో ఉన్నాయి. ధర దిగితే వాడకం పెరుగుతుంది. అవసరం కూడా నిజమైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం మంది అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. దేశ సగటు 24 శాతం.

వీటిని బూటకపు మందులని కొట్టిపారేయడం తగదు. 1,961 మందిపై 68 వారాలు జరిగిన స్టెప్-1 పరీక్షలో సెమాగ్లూటైడ్ తీసుకున్నవారు సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది వేసుకున్నవారు 2.4 శాతమే తగ్గారు. టిర్జెపటైడ్ అతి పెద్ద మోతాదులో 72 వారాలకు తగ్గుదల 20 శాతం దాటింది. గుండెజబ్బుతో పాటు అధిక బరువున్న 17,604 మందిపై జరిగిన సెలెక్ట్ పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాల ముప్పు 20 శాతం తగ్గింది. ఇంత మేలు చేయగల మందుకు కీడు చేసే శక్తీ ఉంటుంది. అది ఎంతవరకు వెళ్తుందన్నది మోతాదు పెంచే వేగం మీద, కనిపెట్టి చూసే వైద్యుడి మీద, అన్నిటికన్నా ముందు సీసాలో అసలేముందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

అందరికన్నా ముందు మొరాయించేది కడుపు. స్టెప్-1లో సెమాగ్లూటైడ్ తీసుకున్న వారిలో 44 శాతం మందికి వికారం, 31 శాతానికి విరేచనాలు, దాదాపు 25 శాతానికి వాంతులు, 23 శాతానికి మలబద్ధకం వచ్చాయి. చాలామందిలో ఇవి ఓ మోస్తరుగా ఉండి, మోతాదు పెంచిన రోజుల్లో ఎక్కువై, తర్వాత సర్దుకున్నాయి. కడుపు బాధలు ఓర్చుకోలేక మందు మానేసినవారు 4.5 శాతం. తిన్నది కడుపులోంచి త్వరగా కిందికి దిగకపోవడం ఇందుకు ఒక కారణం. రాత్రి పది దాటాక బిర్యానీయో, నూనె వేపుళ్లో కడుపునిండా తిని పడుకునే అలవాటున్న వారికి ఈ మందు మీద ఉండగా ఆ తిండి తెల్లారేదాకా గొంతులోనే ఉన్నట్టుంటుంది. పుల్లని తేన్పులు, ఛాతీలో మంట వస్తాయి. కొందరిలో కడుపు కదలిక మరీ మందగించి ఆసుపత్రిలో చేర్చవలసి వస్తుంది.

సెమాగ్లూటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున పెంచుతూ 16 వారాల తర్వాత 2.4 మిల్లీగ్రాములకు చేర్చమన్నది ఈ బాధలను దృష్టిలో పెట్టుకునే. మొదటి మోతాదుల పని బరువు తగ్గించడం కాదు, కడుపును అలవాటు చేయడం. రెండు నెలల్లో ముహూర్తం ఉందనో, తోటివారికి త్వరగా తగ్గిందనో మెట్లు దాటేసినవారికే వాంతులు ఎక్కువవుతాయి. తిండితో పాటు దాహమూ మందగిస్తుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు తాగబుద్ధి కాకపోతే ఒంట్లో నీరు ఇంకిపోయి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మధుమేహానికి గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు వాటి మోతాదు సవరించుకోకుండా ఈ సూది మొదలుపెడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఒక్క మందునే చూస్తూ పక్కనున్న మందులను మరచిపోవడం వల్ల జరిగే హాని ఇది, పూర్తిగా నివారించదగ్గది.

పిత్తాశయం సంగతి వేరు. బరువు ఏ పద్ధతిలోనైనా వేగంగా తగ్గితే పైత్యరసంలో కొలెస్ట్రాల్ చిక్కబడి రాళ్లు కడతాయి. ఈ మందులు పిత్తాశయం ముడుచుకోవడాన్ని కూడా తగ్గిస్తాయి. స్టెప్-1లో పిత్తాశయ సమస్యలు మందు తీసుకున్నవారిలో 2.6 శాతం, తీసుకోనివారిలో 1.2 శాతం. క్లోమం వాపు ఇంతకన్నా అరుదు, కానీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే, తగ్గకుండా వేధించే నొప్పి దాని గుర్తు. మన ఇళ్లలో పొట్ట పైభాగంలో నొప్పి అనగానే గ్యాస్ అంటారు. సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, ఎసిడిటీ బిళ్ల వేస్తారు, తెల్లారి చూద్దామంటారు. ఈ సూది వేసుకునే మనిషి విషయంలో ఆ ఒక్క రాత్రి ఆలస్యం చాలా ఖరీదైనది. నొప్పి తగ్గకపోతే సూది ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్నది మొదటి చీటీ రాసిననాడే రోగికి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పవలసిన మాట.

అన్నిటిలోకీ తక్కువ చర్చకు వచ్చే నష్టం కండకు జరిగేది. త్రాసు చూపించే తగ్గుదలంతా కొవ్వు కాదు. స్టెప్-1లో కొందరికి చేసిన శరీర స్కానింగ్‌లో, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వేతర భాగమని తేలింది. టిర్జెపటైడ్ పరీక్షలో అది పావు వంతు. కొవ్వేతర భాగం అంతా కండ కాదు, అందులో నీరు, అవయవాలు కూడా లెక్కకు వస్తాయి. అలాగని తేలిగ్గా తీసుకునే విషయం కాదు. భారతీయుల శరీరం పుట్టుకనుంచే తక్కువ కండ, ఎక్కువ కొవ్వుతో ఉంటుందని పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం దశాబ్దాల పరిశోధనలో చూపింది. అందుకే మనవారికి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 25 దాటగానే ఊబకాయంగా లెక్కిస్తారు. మూడు పూటలా వరి అన్నమే ప్రధానమైన ఇంట్లో మాంసకృత్తులు అసలే తక్కువ. సూది వల్ల ఆకలి సగమైతే పళ్లెంలో ముందు తగ్గేది అన్నం కాదు, పప్పు, గుడ్డు, పెరుగు. నాలుగు ముద్దలు చారన్నం తిని కడుపు నిండిందని లేచిపోయే యాభై దాటిన మహిళకు ఆరు నెలల్లో చీర వదులవుతుంది, దానితో పాటు మెట్లెక్కే శక్తీ తగ్గుతుంది. మందు చీటీ మీదే రోజుకు ఎంత పప్పు, ఎన్ని గుడ్లు, వారానికి ఎన్నిసార్లు బరువులతో వ్యాయామం అన్నది రాయకపోతే ఆ వైద్యం సగమే చేసినట్టు.

మందు ఆపితే ఏమవుతుందన్నది దీనికి ముడిపడిన ప్రశ్న. స్టెప్-1లో పాల్గొన్న కొందరిని సూది ఆపాక ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. పోయిన కండ ఆ వేగంతో రాదు. వ్యాయామం లేకుంటే తిరిగి చేరేది ఎక్కువగా కొవ్వే. డబ్బు సర్దుబాటైనప్పుడల్లా మూడు నెలలు వాడి, లేనప్పుడు మానేసే పద్ధతిలో ఒక్కో విడతకూ ఒంట్లో కండ పాలు తగ్గుతూ పోయే ముప్పుంది. జుట్టు ఊడటం కూడా వేగంగా బరువు తగ్గడంతో వచ్చేదే. అది చాలావరకు తాత్కాలికం.

అరుదైన వాటిలో కంటిది తీవ్రమైనది. కంటి నాడికి రక్తప్రసరణ తగ్గి హఠాత్తుగా చూపు పోయే జబ్బు సెమాగ్లూటైడ్ వాడేవారిలో గరిష్ఠంగా పదివేల మందిలో ఒకరికి రావచ్చని యూరప్ ఔషధ సంస్థ 2025 జూన్‌లో తేల్చింది. మధుమేహంతో రెటీనా ఇప్పటికే దెబ్బతిన్నవారిలో చక్కెర ఒక్కసారిగా దిగితే ఆ జబ్బు కొంతకాలం ముదరవచ్చు. కనుక మధుమేహం ఉన్నవారికి సూదికి ముందు కంటి పరీక్ష తప్పదు. ఎలుకల్లో థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. మనుషుల్లో అది రుజువు కాలేదు, అయినా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకుగాని, కుటుంబంలోగాని ఉన్నవారికి ఈ మందులు ఇవ్వకూడదు. ఆత్మహత్య ఆలోచనలతో సంబంధం ఉందన్న అనుమానాన్ని యూరప్ సంస్థ పరిశీలించి, అందుకు ఆధారం లేదని 2024లో చెప్పింది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో మిగిలిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి, సూది వాడుతున్న సంగతి మత్తు డాక్టరుకు దాచకూడదు. బరువు తగ్గుతున్నామని నలుగురికీ తెలియకూడదని దాచేవారు ఇక్కడే చిక్కుల్లో పడతారు. టిర్జెపటైడ్ మొదలుపెట్టిన తర్వాత, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు గర్భనిరోధక మాత్రల మీదే ఆధారపడకూడదు. పిల్లలు కావాలనుకునేవారు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

ఇంతవరకు చెప్పుకున్నది పరీక్షలు దాటి, అనుమతి పొందిన మందుల సంగతి. జిమ్‌ల చుట్టూ, ఆన్‌లైన్‌లో సాగే వ్యాపారం వేరు. అక్కడ ‘పరిశోధనకు మాత్రమే’ అన్న చీటీ అంటించిన చిన్న గాజు సీసాల్లో తెల్లని పొడి అమ్ముతారు. రెటాట్రూటైడ్ అనే కొత్త పెప్టైడ్ ఇంకా పరీక్షల్లో ఉండగానే ఇలా చేతులు మారింది. గ్రోత్ హార్మోన్ నుంచి తీసిన ఏఓడీ-9604 అనే ముక్క కొవ్వు కరిగిస్తుందని ప్రచారం. ఊబకాయం మీద జరిగిన పరీక్షల్లో అది ఫలితం చూపక దాని అభివృద్ధే ఆగిపోయింది. సీజేసీ-1295, ఇపామొరెలిన్ వంటివి ఒంట్లో గ్రోత్ హార్మోన్‌ను పెంచుతాయి. దాంతో నీరు పట్టడం, కీళ్ల నొప్పులు, చేతులు తిమ్మిరెక్కడం, రక్తంలో చక్కెర పెరగడం వస్తాయి. సన్నబడదామని మొదలుపెట్టినవారు మధుమేహం వైపు జరిగే దారి ఇది. వీటిని ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో చూపే పరీక్షలు లేవు. అమ్మేవాడి మాటే లేబుల్.

పొడిని నీళ్లతో కలపడం, సిరంజిలోకి లాగడం కూడా కొనుక్కున్నవారి పనే. ఇన్సులిన్ సిరంజి మీద గీతలు యూనిట్లలో ఉంటాయి, మందు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. 5 మిల్లీగ్రాముల పొడిలో 2 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 10 యూనిట్ల గీత దగ్గర 0.25 మిల్లీగ్రాములు వస్తుంది. ఆ నీళ్లు ఒక్క మిల్లీలీటరే పోస్తే అదే గీత దగ్గర మోతాదు రెట్టింపు. 10కి బదులు 100 దాకా లాగితే పది రెట్లు. మందులను విడిగా కలిపి ఇచ్చే కాంపౌండింగ్ ఫార్మసీలు సీసాల్లో ఇచ్చిన సెమాగ్లూటైడ్‌తో అమెరికాలో ఇదే జరిగింది. ఉద్దేశించిన దానికన్నా 5 నుంచి 20 రెట్లు ఎక్కువ ఎక్కించుకుని కొందరు ఆసుపత్రి పాలయ్యారని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది. మందు వారాల తరబడి ఒంట్లో ఉంటుంది, విరుగుడు లేదు. వాంతులు తగ్గేదాకా సెలైన్ ఎక్కిస్తూ కనిపెట్టుకుని ఉండవలసిందే.

నకిలీలు ఇంకో బెడద. 2023లో ఆస్ట్రియాలో నకిలీ ఒజెంపిక్ (సెమాగ్లూటైడ్ బ్రాండు) వాడిన కొందరు చక్కెర పడిపోయి ఆసుపత్రిలో చేరారు. పెన్నుల్లో సెమాగ్లూటైడ్‌కు బదులు ఇన్సులిన్ ఉన్నట్టు అక్కడి అధికారులు అనుమానించారు. 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నకిలీ బ్యాచ్‌లపై అన్ని దేశాలకూ హెచ్చరిక జారీ చేసింది. అసలు మందైనా నిల్వ సరిగా లేకపోతే చెడిపోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన పెన్ను మే నెలలో కొరియర్ సంచిలో మధ్యాహ్నమంతా తిరిగితే దాని గుణం మీద నమ్మకం పెట్టుకోలేం.

జనరిక్‌లు చవగ్గా దొరికేకొద్దీ ఈ సీసాల వ్యాపారానికి గిరాకీ తగ్గవచ్చు. అది మంచిదే. కానీ డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మే మందుల షాపుల్లో ఈ పెన్నులకు మాత్రం చీటీ అడుగుతారని అనుకోలేం. అందుకని ఔషధ తనిఖీ అధికారులు షాపుల కొనుగోలు, అమ్మకం రికార్డులను చీటీలతో సరిచూడాలి. ‘నెలలో పది కిలోలు’ అని బోర్డులు పెట్టే స్లిమ్మింగ్ కేంద్రాలను కూడా ఆ తనిఖీలో చేర్చాలి. మనవారి ఆహారం, మనవారి ఒళ్లు, మన ఎండల్లో ఈ మందులు ఎలా పనిచేస్తున్నాయో తెలియాలంటే వచ్చిన ప్రతి దుష్ప్రభావమూ లెక్కలోకి ఎక్కాలి. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఔషధ భద్రతా కార్యక్రమానికి డాక్టర్లే కాదు, రోగులు కూడా నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. అందుకు ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024.