డిస్క్ వేయించే ముందు ఒకసారి డ్రమ్ము విప్పి చూడండి

మన హాస్టల్ పార్కింగ్‌లో పాత బండికి జరిగే సేవలకి ఒక వరస ఉంటుంది. ముందు సైలెన్సర్. తర్వాత హ్యాండిల్. తర్వాత పెయింటు. ఇంటి నుంచి ఇంకాస్త డబ్బులొస్తే కార్బ్యురేటర్. బ్రేకుల దాకా వచ్చేసరికి సెమ్ ఫీజు వచ్చి పడుతుంది, ఇంక అంతే. ఈ ఏడాది మాత్రం కొత్త ముచ్చట చూస్తున్నా. ఆర్‌ఎక్స్ 100 ఉన్న ఇద్దరు ముగ్గురు ముందు డ్రమ్ము పీకించేసి డిస్క్ బ్రేకు వేయించారు. వాళ్ళని చూసి ఇంకో నలుగురు "కిట్ ఎంతన్నా, ఎక్కడ వేస్తారన్నా" అని తిరుగుతున్నారు.

బండిని ఉరికించడం మీద కాకుండా ఆపడం మీద డబ్బు పెడుతున్నందుకు నాకు సంతోషమే. జరుగుతున్న పద్ధతి చూస్తేనే భయమేస్తోంది. నా మాట ఇది: మన పాత బండ్లలో చాలావాటికి ఇప్పుడు కావలసింది డిస్క్ కాదు, సరిగ్గా పనిచేసే డ్రమ్ము, ఒక కొత్త టైరు. ఆ రెండూ అయ్యాక కూడా డిస్క్ కావాలనిపిస్తే, మొత్తం సెట్టుగా వేయించండి. బ్రాకెట్టుకి వెల్డింగ్ పెట్టి అతికించేదైతే అసలు వద్దు.

నేను నడిపేది మా బాబాయి దగ్గర్నుంచి వచ్చిన 1993 మోడల్ ఆర్‌ఎక్స్ 100. 98 సీసీ, 11 హార్స్‌పవర్, సుమారు వంద కేజీల బరువు, ముందు 130 మి.మీ. డ్రమ్ము. స్ప్లెండర్‌కి కూడా డ్రమ్ము సైజు అంతే. "ఆర్‌ఎక్స్‌కి పికప్ ఉంటుంది గానీ బ్రేకులుండవురా" అని జోకేస్తుంటారు. ఆ జోకు పాడైపోయిన డ్రమ్ముల మీద పుట్టింది అని నా నమ్మకం.

డ్రమ్ము లోపల రెండు షూలుంటాయి. బండి ముందుకి పోతున్నప్పుడు వాటిలో ఒకదాన్ని, తిరుగుతున్న డ్రమ్మే ఇంకా గట్టిగా తన మీదకి లాక్కుంటుంది. అంటే మన చేతి బలానికి చక్రం బలం కూడా తోడవుతుంది. డిస్క్‌కి ఈ సాయం లేదు, అక్కడ మనం నొక్కినంతే. తేలికైన బండికి మంచి డ్రమ్ము తక్కువదేం కాదు. కాకపోతే ముప్ఫై ఏళ్ళ డ్రమ్ములో ఆ మంచి ఎంత మిగిలిందో విప్పితే గానీ తెలీదు.

మా బాబాయి బండిది విప్పినప్పుడు ఏం కనిపించిందో చెప్తా. బ్రేకు వైరు లోపల తుప్పు పట్టి, బయటి తొడుగు ఒకచోట మడత పడింది. మన చేతి బలంలో సగం ఆ మడత దగ్గరే తినేస్తోంది. షూల లైనర్లు మధ్యలో అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి, అంచులకి డ్రమ్ము తగిలిన గుర్తే లేదు. క్యామ్ తిరిగే చోట గ్రీజు ఎండిపోయి మట్టిలా గట్టిపడింది. అన్నిటికంటే ముఖ్యమైంది బయట ఉన్న క్యామ్ లివర్. అది ఒక పన్ను వెనక్కి జరిపి బిగించి ఉంది.

ఈ పన్ను జరపడం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఊళ్ళలో చాలా బండ్లకి జరిగే పనే. షూలు అరిగే కొద్దీ అడ్జస్ట్‌మెంట్ నట్టు బిగిస్తూ పోతాం. ఒక రోజు నట్టు అయిపోతుంది. అంటే షూలు మార్చమని అర్థం. అప్పుడు లివర్‌ని క్యామ్ పళ్ళ మీంచి ఊడదీసి, ఒక పన్ను తిప్పి మళ్ళీ బిగిస్తే నట్టుకి మళ్ళీ జాగా దొరుకుతుంది, షూలు మార్చినట్టే అనిపిస్తుంది. లోపల మాత్రం క్యామ్ తిరగాల్సిన దానికంటే ఎక్కువ తిరిగి షూలని నెడుతుంటుంది. నొక్కుడు తగ్గుతుంది. మరీ ముదిరితే క్యామ్ పక్కకి తిరగబడి షూలు వెనక్కి రాకుండా చక్రం పట్టేస్తుంది. నడుస్తున్న బండికి ముందు చక్రం పట్టేస్తే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ప్లేటు మీద అరుగుదల చూపించే బాణం గుర్తున్న బండి అయితే, లివర్ పన్ను మార్చాక అది కూడా అబద్ధమే చెప్పొచ్చు.

కొత్త షూలు, కొత్త వైరు, క్యామ్‌కి కొత్త గ్రీజు. లివర్‌ని, బ్రేకు పట్టినప్పుడు వైరుకి లివర్‌కి మధ్య దాదాపు 90 డిగ్రీలు వచ్చేలా సరైన పన్ను మీద పెట్టించాం. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో నిద్రపోయినవాళ్ళకి కూడా అక్కడ టార్క్ ఎందుకు ఎక్కువొస్తుందో అర్థమవుతుంది. కొత్త షూల మీద చాక్‌పీసు పూసి, చక్రం తిప్పి, తగిలిన చోట మాత్రం ఎమరీ పేపర్‌తో రుద్దుతూ షూ మొత్తం డ్రమ్ముకి ఆనేలా చేశాం. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు. ఇప్పుడు నాలుగు వేళ్ళతో గట్టిగా పడితే ముందు టైరు కీచుమంటోంది. ఒక జాగ్రత్త: పాత లైనర్లలో ఆస్బెస్టాస్ వాడేవాళ్ళు. డ్రమ్ము విప్పగానే నోటితో ఉఫ్ అని ఊదడం, గాలి కొట్టడం చేయకండి. తడి గుడ్డతో తుడవండి. ఇంకోటి, చాలా డ్రమ్ముల లోపల గరిష్ఠ వ్యాసం ఎంతో పోతపోసి ఉంటుంది. అది దాటి అరిగి ఉంటే లేత్ మీద పెట్టించడం కాదు, మార్చేయడమే.

టైరు కీచుమంది అన్నాను కదా. అంటే ఇక అక్కడి నుంచి బ్రేకు పని అయిపోయింది, టైరు పని మొదలైంది. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపేది మాత్రం రోడ్డుకి తగిలే ఆ బొటనవేలంత రబ్బరు. ఆర్‌ఎక్స్‌కి ముందు టైరు 2.50-18, అంటే రెండున్నర అంగుళాల వెడల్పు. దాని పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఈ వ్యాసం కోసమే మన షెడ్డులో కొన్ని టైర్లు వంగి చూశాను. గాట్లు బాగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం గోరు దిగనంత గట్టిగా ఉంది. అలాంటి టైరున్న బండికి డిస్క్ వేయిస్తే, మునుపటి కంటే తేలిగ్గా జారుతుంది, అంతే తేడా. పైగా మన బండ్లకి ఏబీఎస్ లేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్, ఆ లోపు వాటికి కనీసం రెండు బ్రేకులు కలిపి పనిచేసే సీబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకు ముందువి మన వేళ్ళ మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇక ఆ వేళ్ళ సంగతి. మన ఇళ్ళలో బండి నేర్పేటప్పుడు మొదటి పాఠం "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్". నాకూ నాన్న అదే చెప్పారు. సైకిల్ రోజుల నుంచి వచ్చిన భయం అది. ఒక చిన్న లెక్క చేద్దాం. చక్రాల మధ్య దూరం 1.24 మీటర్లు, మనిషితో కలిపి బండి గురుత్వ కేంద్రం నేల నుంచి 65 సెంటీమీటర్లు, కదలకుండా ఉన్నప్పుడు బరువులో 45 శాతం ముందు చక్రం మీద అనుకోండి. 0.7 జీతో బ్రేకు పడితే మొత్తం బరువులో 37 శాతం వెనక నుంచి ముందుకొస్తుంది. అంటే ముందు చక్రం మీద 82, వెనక 18. బరువు లేని వెనక చక్రాన్ని ఎంత తొక్కినా అది జారుతుందే గానీ ఆపదు. ఇదే లెక్కలో వెనక బ్రేకు ఒక్కటే వాడితే 0.3 జీ రావడమే గగనం. గంటకి 60 కి.మీ. వేగంలో 0.3 జీతో ఆగడానికి 47 మీటర్లు కావాలి. రెండు బ్రేకులూ సరిగ్గా పడితే 20. ఆ 27 మీటర్ల మధ్యలో ఒక గేదె, ఒక ఆటో, ఒక స్కూలు పిల్ల, ఏదైనా ఉండొచ్చు.

కాబట్టి ముందు లివర్ ముట్టుకోనివాడి బండికి డిస్క్ వేయించడం దండగ. డ్రమ్ము అయినా డిస్క్ అయినా, ఖాళీ గ్రౌండ్‌లో 30 వేగంతో పోతూ, లివర్‌ని గబుక్కున గుంజకుండా ముందు మెల్లగా పట్టి, బరువు ముందుకొచ్చాక గట్టిగా నొక్కడం అలవాటు చేసుకోవాలి. ఇసుక మీద, వాన పడ్డ కొత్తలో ఎలా పట్టాలో అప్పుడే చేతికి తెలుస్తుంది.

అయితే డిస్క్ ఎవరికీ వద్దంటున్నానా? లేదు. వానలో డ్రమ్ములోకి నీళ్ళు పోతే ఆరేదాకా బ్రేకు ఉండదు, డిస్క్ ఒక్క చక్రం తిరిగేసరికి తుడిచేసుకుంటుంది. డ్రమ్ములో వేడి లోపలే ఉండిపోతుంది. అరకు ఘాట్, శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు టూ-స్ట్రోక్ బండికి ఇంజన్ బ్రేకింగ్ దాదాపు ఉండదు, భారమంతా డ్రమ్ము మీదే. సగం దిగేసరికి లివర్ ఎంత పట్టినా బండి ఆగినట్టుండదు. ఇద్దరెక్కి తరచూ హైవే మీద, ఘాట్ల మీద తిరిగేవాళ్ళకి డిస్క్ కావాలి. వాదన లేదు.

ఎలా వేయిస్తున్నారన్నదే నా గొడవ. ఆర్‌ఎక్స్ ముందు ఫోర్కు కాళ్ళకి కాలిపర్ బిగించే చెవులు లేవు. అందుకని లేత్ షాపులో ఒక ఇనప బ్రాకెట్టు కోయించి క్లాంపులతో బిగించడమో, అల్యూమినియం కాలికే వెల్డింగ్ పెట్టించడమో చేస్తున్నారు. పై లెక్కనే కొనసాగిద్దాం. బండీ మనిషీ కలిపి 170 కేజీలు, 0.7 జీ, ముందు చక్రం వాటా 82 శాతం. టైరు దగ్గర దాదాపు 960 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు, 240 మి.మీ. డిస్క్ మీద ప్యాడ్ పట్టే చోటు మధ్య నుంచి పదిన్నర సెంటీమీటర్లు. అంటే కాలిపర్ మీద సుమారు 2700 న్యూటన్లు. గట్టిగా బ్రేకు పట్టిన ప్రతిసారీ ఆ బ్రాకెట్టుకి 270, 280 కేజీల బస్తాలు వేలాడదీసినట్టు. వెనక ఇంకొకరు కూర్చుంటే ఇంకా ఎక్కువ. పోత అల్యూమినియంని వెల్డింగ్ వేడికి గురిచేశాక ఆ చుట్టుపక్కల బలం తగ్గుతుందని మెటలర్జీలో చదివాం, పరీక్షలో రాశాం, మార్కులు కూడా వచ్చాయి. నెల తిరక్కుండానే ఒక క్లాస్‌మేట్ బండికి వెల్డింగ్ పక్కన వెంట్రుకంత గీత కనిపించింది. కడుగుతుంటే కనిపించింది కాబట్టి సరిపోయింది. అది ఊడితే కాలిపర్ చక్రంలోకి పోతుంది.

రెండో పొరపాటు మాస్టర్ సిలిండర్. డిస్క్ ఒక బండిది, కాలిపర్ ఇంకోదానిది, హ్యాండిల్ మీది సిలిండర్ "చూడ్డానికి బాగుంది" అని మూడోదానిది. ఇక్కడ పనిచేసేది పాస్కల్ సూత్రం. 12.7 మి.మీ. సిలిండర్‌కి తగ్గట్టు చేసిన కాలిపర్‌కి 15.9 మి.మీ. సిలిండర్ తగిలిస్తే, వైశాల్యం ఒకటిన్నర రెట్లు పెరిగి, అదే చేతి బలానికి ఒత్తిడి 64 శాతానికి పడిపోతుంది. లివర్ మాత్రం చెక్కలా గట్టిగా ఉంటుంది. "అబ్బ, ఎంత గట్టిగా ఉందో" అని మురిసిపోతారు. ఆ గట్టిదనం బ్రేకు బలం కాదు, నష్టం. అదే చిన్న సిలిండర్‌తో పెద్ద కాలిపర్ నడిపితే లివర్ హ్యాండిల్‌కి ఆనేస్తుంది.

అందుకే మొత్తం సెట్టు అన్నాను. ఫోర్కు, చక్రం, డిస్క్, కాలిపర్, గొట్టం, మాస్టర్ సిలిండర్, అన్నీ ఒకే బండివి. ఈ విషయంలో హోండా షైన్, హీరో గ్లామర్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. కంపెనీయే డ్రమ్ముతోనూ డిస్క్‌తోనూ అమ్మింది కాబట్టి, అదే తరం డిస్క్ మోడల్ ముందు భాగం తెస్తే చాలావరకు స్పానర్ పనే. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. కొనే ముందు ఫోర్కు ట్యూబుల్ని గాజు పలక మీద దొర్లించి చూడండి, వంగి ఉంటే అక్కడే బయటపడుతుంది. ఆర్‌ఎక్స్‌కైతే స్టీరింగ్ కాండం పొడవు, బేరింగ్ కప్పులు, స్పీడోమీటర్ గేరు సరిపోవాలి, కాబట్టి చేసి చూపించిన మెకానిక్ అన్న దగ్గరికే వెళ్ళండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదంటుంది. లేత్ షాపు బ్రాకెట్టు గురించి ఇన్సూరెన్స్ వాళ్ళకి సర్దిచెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఆయిల్ సంగతి ఎవరూ పట్టించుకోరు కాబట్టి అదీ చెప్తా. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకుంటూ పోతే ఆ హద్దు 155 దాకా దిగొచ్చు. అప్పుడు ఘాట్ మీద అది మరిగి ఆవిరై, లివర్ స్పాంజిలా లోపలికి పోతుంది. సగం వాడి మూత పెట్టిన డబ్బా ఎవరో ఇస్తే తీసుకోకండి, సీలున్నది కొనండి, రెండేళ్ళకోసారి మార్చండి. ఎయిర్ పూర్తిగా తీశారో లేదో మీరే లివర్ పట్టి చూసుకోండి. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి సర్దుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులూ కాలేజీ రోడ్డు మీదే తిరగండి, వేయించిన సాయంత్రమే అరకు ప్లాన్ పెట్టొద్దు.