చెరువు నింపకుండా కాలువ కట్టేస్తే...

అమలాపురం దగ్గర మా ఊళ్ళో, వీధిగదిలో, నాన్నగారి కంప్యూటరు ఉంది. 2012లో విడిభాగాలు కొని కూర్పించినది. ఉద్యోగ విరమణ తరువాత ఆయన దానిమీద తన చిన్ననాటి సంగతులు వ్రాసుకుంటున్నారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు "మా అమ్మ గురించి వ్రాసిన పదకొండు పేజీలు పోయాయిరా" అన్నారు, పెద్దగా బాధపడనట్టే. మళ్ళీ వ్రాయమన్నాను. "వ్రాసిందే వ్రాయగలనా?" అన్నారు.

విచారిస్తే తేలినది ఇది. లేచేటప్పుడు కంప్యూటరును 'స్లీప్'లో పెట్టడం నాన్నగారికి అలవాటు. నోట్‌ప్యాడులో వ్రాసినదాన్ని భద్రపరచడం మాత్రం అలవాటు లేదు. వారం రోజులుగా ఆ పేజీలు అలా తెరిచే ఉన్నాయి. ఆ యంత్రమేమో అర్ధరాత్రి తనంతట తానే మేల్కొని గుర్రుమనడం మొదలుపెట్టింది. మూడు రాత్రులు ఓర్చుకున్న అమ్మ, నాలుగో నాడు పడుకోబోతూ గోడ దగ్గర స్విచ్చి కట్టేసింది.

తప్పు అమ్మది కాదని నా వాదన. నిద్రపోతున్నవాడి గదిలో దీపం ఆర్పితే వాడి జ్ఞాపకాలు చెరిగిపోతాయని ఎవరనుకుంటారు? ఆ స్థితికి 'నిద్ర' అని పేరు పెట్టడమే మోసం. అప్పుడు ప్రాసెసరు, డిస్కు, ఫ్యాను అన్నీ ఆగిపోతాయి గాని, మనం వ్రాస్తున్నది ఉండే ర్యామ్‌కు మాత్రం సన్నని విద్యుత్ ధార అందుతూనే ఉండాలి. అది తెగితే అంతా పోతుంది. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి వెలువరించిన ఏసీపీఐ ప్రమాణంలో దీని పేరు ఎస్3. 'హైబర్నేట్' ఎస్4. అందులో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులోకి వ్రాసుకున్నాకే యంత్రం ఆగుతుంది. ఆపైన ప్లగ్గు పీకేసినా నష్టం లేదు.

నాన్నగారికి ఇది మా భాషలోనే చెప్పాను. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోగా ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటాం. హైబర్నేట్ అంటే చెరువు నింపుకుని కాలువ కట్టేయడం. స్లీప్ అంటే చెరువు సంగతి మరచి, కాలువలో సన్నధార పారుతుందిలే అని నమ్ముకోవడం. "మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పరేం?" అన్నారాయన.

న్యాయమైన ప్రశ్నే. ఎక్స్‌పీలో షిఫ్టు మీట నొక్కిపట్టుకుంటే గాని 'స్టాండ్‌బై' ఉన్నచోట హైబర్నేట్ కనబడేది కాదు, మీకు గుర్తుండే ఉంటుంది. విండోస్ 10లోనూ అది మామూలుగా మెనూలో ఉండదు, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్ళి బయటకు తీయాలి. విస్టా కాలంలో వచ్చిన 'హైబ్రిడ్ స్లీప్' ఈ రెంటినీ కలిపింది, ర్యామ్‌లోనూ ఉంచి డిస్కులోనూ వ్రాసేది. అది పనిచేస్తూ ఉంటే ఆ పేజీలు దక్కేవి. కానీ మా ఇంట్లో 120 జీబీ ఎస్సెస్డీ బిగించిన కుర్రవాడు, జాగా కలిసొస్తుందని హైబర్నేషనునే తీసేశాడు. దానితోపాటే హైబ్రిడ్ స్లీపూ పోయింది. 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో దానివల్ల మిగిలేది మూడు జీబీలకు కాస్త ఎక్కువ. ఆ మూడు జీబీల కోసం మా నాయనమ్మ పోయింది.

కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ' ఆజ్ఞ పక్కన 'హైబర్నేట్ ఆన్' అని కొడితే మళ్ళీ వచ్చేసింది. అదే ఆజ్ఞకు 'లాస్ట్‌వేక్' చేరిస్తే చివరిసారి నిద్ర లేపినది ఎవరో చెబుతుంది. మా ఇంటి దయ్యం నెట్‌వర్క్ కార్డు. డివైస్ మేనేజర్‌లో దానికి కంప్యూటరును లేపే అధికారం తీసివేశాను. పది నిమిషాల పని. ఇందుకే "కొత్తది కొనేయండి" అన్నాడు అమలాపురంలో దుకాణాయన. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసిన మాట నిజమే, బ్యాంకు పనులు దానిమీద చేయవద్దని నాన్నగారికి చెప్పాను. వ్రాసుకోవడానికేం?

గాలివాన వస్తే కరెంటు పోయే ఊళ్ళలో, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిన ఇళ్ళలో, హైబర్నేటే మొదటి మీటగా ఉండాలి. మేల్కొనడానికి మరికొన్ని క్షణాలు పడుతుంది, పట్టనివ్వండి.

అమ్మ ఇప్పటికీ పడుకోబోతూ స్విచ్చి కట్టేస్తూనే ఉంది. కట్టేయమనే చెప్పాను. నాన్నగారు వాళ్ళ నాన్న గురించి మొదలుపెట్టారు. ఆ పదకొండు పేజీల జోలికి మాత్రం ఇంకా వెళ్ళలేదు.