మాటలోంచి ‘అట’ ఎక్కడికి పోయింది?

ఈమధ్య మా మండలంలో పోడు భూముల మీద మీటింగ్ పెట్టారు. మా ఊరోళ్లం ముందు వరసలోనే కూర్చున్నాం. ఒక ఆఫీసర్ మైక్ పట్టుకుని ఇలా మొదలుపెట్టారు: “పోడు వల్లనే అడవి పోతోందనేది అందరికీ తెలిసిన విషయమే. దాని మీద చర్చ అనవసరం. ఇప్పుడేం చేయాలో మాట్లాడుకుందాం.”

పక్కనున్న మా పెద్దాయన నా చెవిలో అడిగాడు: “అందరికీ అంటే ఎవరికిరా? నాకు తెల్వదే!”

అప్పుడు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక రాలేదు. ఎందుకంటే అక్కడ నేనూ నోరెత్తలేదు. డిగ్రీ చదివినోణ్ణి, అటవీ హక్కుల చట్టం సెక్షన్లతో సహా తెలిసినోణ్ణి, ఆ ‘అందరికీ’ దగ్గర ఆగిపోయా. కాదంటే నా ఒక్కడికే తెలీదని ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని భయం.

ఆ మాట చేసే పనే అది. “నా అభిప్రాయం ఇది” అని ఆయన అనుంటే ఎందుకని అడిగేవాళ్లం. ఎక్కడ పోయింది, ఎంత పోయింది, ఎవరు కొలిచారు? బొగ్గు గనుల కింద పోయిన అడవి ఈ లెక్కలో ఉందా? పోలవరం ముంపులో పోయేది ఉందా? పోడు వల్ల అడవికి ఎక్కడా నష్టం లేదని నేననడం లేదు. లెక్క తీసి మాట్లాడుకుందాం అంటున్నా. లెక్క తీయకముందే తీర్పు అయిపోయింది, అదే నా బాధ.

మన తెలుగులో ఓ చిన్న మాట ఉంది. అట. “వాన పడింది” అంటే నేను చూసినట్టు. “వాన పడిందట” అంటే ఎవరో చెప్తే విన్నట్టు. ఒక్క అక్షరంన్నర తేడాతో మనిషి నిజాయితీ తెలిసిపోతుంది. మా నాయనమ్మ అయితే ఏ కబురు చెప్పినా “చూసినవా, విన్నవా?” అని అడిగాకే మిగతాది విని ఊకొట్టేది. బడికెళ్లనిది ఆమె. చదువుకున్నోళ్ల నోట్లో, టీవీల్లో మాత్రం ఆ ‘అట’ ఊడిపోతుంది. దాని జాగాలో “వాస్తవం ఏమిటంటే”, “ఒప్పుకోక తప్పదు”, “ఎవర్నడిగినా చెప్తారు” వచ్చి కూర్చుంటాయి. లోకమంతా కోడై కూస్తోంది అంటారు. సరే, కూసిన ఆ కోడి ఎవరింటిది? హాస్టల్లో ఉన్నప్పుడు ఓ క్లాస్‌మేట్ అన్నాడు, “రిజర్వేషన్లో వచ్చినోడికి సబ్జెక్ట్ ఉండదు, ఇది ఫ్యాక్ట్ బ్రో” అని. ఆ సెమిస్టర్ నోట్స్ మొత్తం నా దగ్గరే రాసుకున్నాడు.

ఒక్కోసారి వాక్యం కూడా అక్కర్లేదు, ఒక్క పదం చాలు. ‘ఆక్రమణదారు’. 2006 చట్టంలో సెక్షన్ 4(5) ఏం చెప్తోంది? హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్నవాళ్లని ఖాళీ చేయించకూడదని. అంటే దరఖాస్తు పెట్టుకున్న మా బాబాయి ఈ రోజుకి ‘దరఖాస్తుదారు’. అది వాస్తవం. ‘ఆక్రమణదారు’ అన్నది తీర్పు, విచారణ ముగియకుండానే రాసిన తీర్పు. ఒకసారి ఫైల్లో పడ్డాక తర్వాత వచ్చే ప్రతి గుమాస్తా దాన్నే వాస్తవంగా చదువుకుంటాడు.

‘తిరస్కరించారు’ కూడా అంతే. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తు తిరస్కరణకు గురైనవాళ్లని ఖాళీ చేయించమని ఆదేశించింది. “అర్హత లేదు కాబట్టే తిరస్కరించారు కదా” అని ఎంతమంది మన ముఖం మీదే అన్నారో గుర్తుందా? పదిహేను రోజులకి, ఫిబ్రవరి 28న, అదే కోర్టు ఆ ఆదేశాన్ని ఆపి, అసలు ఏ పద్ధతిలో తిరస్కరించారో చెప్పమని రాష్ట్రాలని అడిగింది. మనం ఊరూరా అడగాల్సింది కూడా అదే. కారణం రాతపూర్వకంగా ఇచ్చారా? గ్రామసభకి సగం మంది వచ్చారా, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లున్నారా? “ఆధారాల్లేవు” అన్నారు, మరి పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే అని రూల్స్‌లో ఉంది, దాన్ని రాసుకున్నారా?

1/70 సంగతి చూడండి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చినదిగానే భావించాలంటుంది. ఇది ఏకపక్షం అని చాలామందికి కోపం. కానీ ఆ చట్టం ‘అందరికీ తెలిసిందే’ అనలేదు. ఇది భావన మాత్రమే అని తనే చెప్పుకుని, రుజువులు తెచ్చుకోవడానికి అవతలివాడికి తలుపు తెరిచి పెట్టింది. ఆ మీటింగ్‌లో మనకి ఆ తలుపు కూడా లేదు.

వచ్చే మీటింగ్‌లో మైక్ ముందు మా పెద్దాయనకే ఇప్పిస్తాం. నా చెవిలో అడిగిన ప్రశ్నే అందరి ముందూ అడుగుతానన్నాడు.

ఇంకో సంగతి దాచుకోను. పోయినేడాది మా వాట్సాప్ గ్రూప్‌లో ఒక తమ్ముడు సభ చందాల లెక్క అడిగాడు. నేనే టైప్ చేశా: “నువ్వు అవతలివాళ్లకి అమ్ముడుపోయావని ఊరంతా అనుకుంటోంది.” ఊరంతా ఏమీ అనుకోలేదు. నాకు కోపమొచ్చింది, అంతే. నిజమైన ఆదివాసీ ఇలా అడగడు అని ఇంకో నలుగురు నాకు తోడయ్యారు. వాడు గ్రూప్ నుంచి వెళ్లిపోయాడు. లెక్కలో తేడా ఉన్నట్టు తర్వాత మాకే తెలిసింది. మొన్న మీటింగ్ నుంచి వచ్చిన రాత్రి వాడికి ఫోన్ చేశా. ఎత్తలేదు. ఆదివారం వాళ్ల ఊరికే వెళ్తున్నా.