జాబితాలో ఉన్నవాళ్లే వచ్చారు!

1985 జనవరి... అప్పటి సోవియట్ ఉక్రెయిన్‌లోని నికొలాయెవ్ పట్టణం. అక్కడి కొమ్సొమోల్ శాఖ, అంటే కమ్యూనిస్టు పార్టీ యువజన సంఘం, ఓ పట్టిక తయారుచేసి కిందివాళ్లకు పంపింది. డిస్కోల మీద అజమాయిషీ పెంచడానికట. ఎడమవైపు విదేశీ గాయకుల, బృందాల పేర్లు. కుడివైపు వాళ్ల పాటల్లోని దోషం. బ్లాక్ శబాత్: హింస, మతమౌఢ్యం. ఐరన్ మెయిడెన్: అదే. పింక్ ఫ్లాయిడ్: సోవియట్ విదేశాంగ విధానాన్ని వక్రీకరించడం. మెత్తమెత్తగా ప్రేమపాటలు పాడుకునే స్పెయిన్ గాయకుడు జూలియో ఇగ్లేసియస్‌నీ వదల్లేదు. ఆయన చేసిన పాపం నయా ఫాసిజం!

మొత్తం 38 పేర్లున్న ఆ పట్టికలో ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా బృందానిదీ ఒకటి. దానికి నయా ఫాసిజంతోపాటు హింస కూడా అంటగట్టారు.

ఏడేళ్లు తిరక్కుండానే ఆ ఏసీ/డీసీ మాస్కోలో వేదికెక్కింది. ఏ మూలనో ఉన్న చిన్న హాల్లో కాదు... సోవియట్ వైమానిక దళం ఏటా విన్యాసాలు చేసి చూపించే తుషినో విమాన మైదానంలో! ఒకప్పుడు స్టాలిన్ నిలబడి ఆ విన్యాసాలు తిలకించింది అక్కడే. 1991 సెప్టెంబరు 28 మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా ఆ మైదానం గిటార్ల హోరుతో అదిరిపోయింది. ప్రవేశం ఉచితం.

ఎముకల మీద పాట

ఆ రోజు అక్కడికి జనం ఎందుకంతగా పోటెత్తారో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. పిల్లలు గది తలుపులేసుకుని పెట్టుకుంటే పెద్దవాళ్లు ‘ఏంట్రా ఆ గోల’ అని కసురుకుంటారే, అలాంటి సంగీతమే ఇది. గోల అన్నంతవరకూ ఎక్కడైనా మామూలే. సోవియట్ దేశంలో మాత్రం ఆ కసురుకోవడం సర్కారు పని.

1950ల్లో అక్కడ విదేశీ పాటల రికార్డులు దొరికేవి కావు. మరి కుర్రకారు ఊరుకుంటుందా! ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు సంపాదించి, గుండ్రంగా కత్తిరించి, మధ్యలో సిగరెట్టుతో చిల్లుపెట్టి, దొంగచాటుగా పాటలు చెక్కేవారు. వీటికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘పక్కటెముకలు’. దీపానికి ఎదురుగా పెడితే ఎవరిదో ఛాతీ కనిపిస్తుంది, ముల్లు ఆనిస్తే ఎల్విస్ ప్రెస్లీ వినిపిస్తాడు. పట్టుబడితే జైలే. చెక్కినవాళ్లలో కొందరు నిజంగానే జైలుకెళ్లారు.

‘ప్రగతి’, ‘రాదుగ’ ప్రచురణాలయాలు మాస్కోలో అచ్చేసి పంపిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగిన తరం మన దగ్గరా ఉంది. ఆ రంగురంగుల బొమ్మల్లోని నగరంలో కుర్రాళ్లు రాత్రిళ్లు ఏం వింటున్నారో ఆ పుస్తకాలు చెప్పలేదు. చెప్పవు కూడా!

గోర్బచేవ్ వచ్చాక తలుపులు కొంచెం కొంచెం తెరుచుకున్నాయి. 1987లో బ్రిటన్ బృందం యురియా హీప్ మాస్కో వచ్చి పాడింది. 1989 ఆగస్టులో లెనిన్ స్టేడియంలో రెండ్రోజుల శాంతి ఉత్సవం జరిగింది. బాన్ జోవి, స్కార్పియన్స్, ఓజీ ఆస్బోర్న్... అంతా ఉద్దండులే. అయితే అవన్నీ టికెట్లూ, కుర్చీలూ, కాపలాల మధ్య జరిగినవి. తుషినో కథ వేరు.

టీవీలో హంసలు... వీధిలో ట్యాంకులు

1991 ఆగస్టు 17న ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్‌లో ‘మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్’ ఉత్సవం జరిగింది. ఏసీ/డీసీ, మెటాలికా, బ్లాక్ క్రోస్ అక్కడ వాయించాయి. సరిగ్గా రెండ్రోజులకు, ఆగస్టు 19 ఉదయం, మాస్కో వాసులు టీవీ పెడితే అందులో బాలే నృత్యం వస్తోంది. చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’. పెద్దనేతలు పోయినప్పుడు వార్తలు ఆపేసి శాస్త్రీయ సంగీతం వేయడం అక్కడి ఆనవాయితీ. ఏదో జరిగిందని జనానికి అర్థమైపోయింది.

జరిగింది కుట్ర. క్రిమియాలో విశ్రాంతి తీసుకుంటున్న గోర్బచేవ్‌ను అక్కడే నిర్బంధించి, పార్టీలోని ఛాందసవాదులు అధికారం చేతుల్లోకి తీసుకున్నారు. మాస్కో వీధుల్లోకి ట్యాంకులొచ్చాయి. యెల్త్సిన్ ఓ ట్యాంకెక్కి, లొంగేది లేదన్నాడు. రష్యా పార్లమెంటు భవనం చుట్టూ వేలమంది అడ్డుగోడలు కట్టుకుని రాత్రింబగళ్లు కాపలా కాశారు. 20వ తేదీ అర్ధరాత్రి దాటాక సైనిక వాహనాలకు ఎదురెళ్లి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 21న కుట్ర కుప్పకూలింది.

ఆ మూడు రోజులూ వీధుల్లో నిలబడ్డ కుర్రకారుకు కానుకగా ఉచిత కచేరీ ఇస్తున్నామంటూ అమెరికా కంపెనీ టైమ్ వార్నర్ ముందుకొచ్చింది. కానుక అన్నమాట పూర్తిగా నమ్మనక్కర్లేదు. కొత్తగా తెరుచుకుంటున్న అంగడి అది, పైగా ఈ కచేరీని సినిమాగా తీసి మరుసటి ఏడాది విడుదల చేశారు కూడా. అయితే అందుకున్నవాళ్లు మాత్రం దాన్ని కానుకగానే అందుకున్నారు.

టోపీ కింద కుర్రాడే

ఎంతమంది వచ్చారు? లెక్క ఎవరూ తేల్చలేదు. అయిదు లక్షలన్నవాళ్లున్నారు, పదహారు లక్షలన్నవాళ్లూ ఉన్నారు. టికెట్టే లేనిచోట లెక్క ఎక్కడిది! హెలికాప్టర్ నుంచి తీసిన దృశ్యాలు చూస్తే నేల కనపడదు. తలలే.

మొదట మాస్కో బృందం ఈ.ఎస్.టీ. ఆ మూడక్షరాలకు అర్థం ‘కరెంటు షాకు వైద్యం’. తర్వాత టెక్సస్ నుంచి పాంటెరా. అప్పటికి వాళ్లకింకా పెద్ద పేరు రాలేదు. ఆ రోజు మాత్రం కచ్చగా వాయించారు. బ్లాక్ క్రోస్ తర్వాత మెటాలికా వేదికెక్కింది. నల్లటి అట్టతో వాళ్ల కొత్త ఆల్బమ్ వచ్చి నెలన్నరే. అందులోని ‘ఎంటర్ శాండ్‌మన్’తో మొదలుపెట్టారు. గిటార్ మీద నెమ్మదిగా నాలుగు స్వరాలు... దాని వెనకే డ్రమ్ములు... తర్వాత జేమ్స్ హెట్‌ఫీల్డ్ గొంతు. అంతే! ఆ సముద్రం ఒక్కసారిగా పైకి లేచింది. ఇప్పటికీ మెటల్ కచేరీల ముచ్చటొస్తే ప్రపంచంలో ఏ మూలనున్న అభిమానైనా ముందుగా వెతికి చూపించే వీడియోల్లో ఇదొకటి.

అయితే ఆ వీడియోలో ఇంకోటీ ఉంది. తొందరగా చూసేవాళ్లకు పట్టుబడదు. వేదిక ముందు, జనం మధ్య బారులు తీరిన సైనికులు. పొడవాటి కోట్లు, టోపీలు, చేతుల్లో రబ్బరు లాఠీలు. జనం అడ్డుకంచెల మీదికి తోసుకొచ్చారు, సీసాలు విసిరారు. లాఠీలు లేచాయి. కిందపడ్డవాణ్ని కూడా వదలకుండా కొట్టిన దృశ్యాలున్నాయి. నెత్తురోడుతున్న తలలున్నాయి. ఎందరో గాయపడ్డారు. నెలక్రితం ట్యాంకులకు ఎదురు నిలబడ్డారని కానుకగా పిలిచి, పిలిచినచోట చితక్కొట్టడం! స్వేచ్ఛా గీతమంటూ ఈ కచేరీని పొగిడేవాళ్లు ఆ భాగాన్ని గబగబా దాటేస్తుంటారు. దాటేయకూడదు.

ఎందుకంటే, ఆ లాఠీ పట్టుకున్నవాడి వయసెంత? 18 నిండితే రెండేళ్లు సైన్యంలో చేయాల్సిందే అన్నది అక్కడి నిబంధన. అంటే కంచెకు ఇవతల కోటు వేసుకున్నవాడూ, అవతల చొక్కా విప్పి ఊపుతున్నవాడూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చోగల ఈడువాళ్లే. ఏడాది అటూఇటైతే వీడు అక్కడ, వాడు ఇక్కడ ఉండేవాడు. కెమెరా కొందరు సైనికుల ముఖాల మీద ఆగినప్పుడు తెలుస్తుంది... పై అధికారి చూడట్లేదనుకున్నాడేమో, ఒకడు తల ఆడిస్తున్నాడు. ఇంకొకడు టోపీ కింద నుంచి నవ్వుతున్నాడు. డ్యూటీలో ఉన్నాడు కదా, అంతకంటే ఏంచేస్తాడు పాపం!

చీకటి పడ్డాక ఏసీ/డీసీ. బడిపిల్లాడి నిక్కరూ, కోటూ వేసుకుని ముప్పై ఆరేళ్ల ఏంగస్ యంగ్ వేదికంతా గెంతుతూ గిటార్ వాయించాడు. అన్న మాల్కమ్ ఎప్పట్లాగే వెనక నిలబడి, కదలకుండా లయ పట్టుకున్నాడు. ‘నయా ఫాసిజం, హింస’ అని పట్టికలో రాసింది ఈ నిక్కరు పిల్లాడి గురించే!

అదే రోజు... అదే ఊళ్లో

ఇంతకీ ఆ పట్టిక తయారుచేసిన కొమ్సొమోల్ ఏమైంది?

సెప్టెంబరు 27, 28 తేదీల్లో దాని అత్యవసర మహాసభ జరిగింది. మాస్కోలోనే. ఒకప్పుడు కోట్లమంది సభ్యులున్న సంఘం అది. సోవియట్ దేశంలో పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు దాదాపు అందరూ చేరేవారు. ఆ మహాసభలో ప్రతినిధులు తమ సంఘం చారిత్రక పాత్ర ముగిసిందని తీర్మానించి, దాన్ని రద్దు చేసుకున్నారు. ఒకవైపు అది మూతపడుతుండగా, అదే నగరంలో తుషినోలో జాబితాలోని ఏసీ/డీసీ వాయిస్తోంది. ఎవరూ ముహూర్తం చూసి పెట్టింది కాదు, అలా కుదిరిందంతే. డిసెంబరు 26న సోవియట్ యూనియనే లేకుండాపోయింది.

తుషినోలో ఆ తర్వాతా పాటలు వినిపించాయి. 2003 జులై 5న అక్కడ రాక్ ఉత్సవం జరుగుతుండగా ప్రవేశద్వారం దగ్గర ఆత్మాహుతి బాంబులు పేలి, పాట వినడానికి వచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత ఆ మైదానంలో ఫుట్‌బాల్ స్టేడియం కట్టారు. 2018 ప్రపంచకప్ మ్యాచ్‌లు కొన్ని అందులోనే ఆడారు.

2019 జులై 21న మెటాలికా మళ్లీ మాస్కో వచ్చింది. ఈసారి లుజ్నికి స్టేడియం. ఒకప్పటి లెనిన్ స్టేడియమే అది. సోవియట్ కుర్రకారు ప్రాణంగా ప్రేమించిన విక్తర్ త్సోయ్ 1990 జూన్‌లో తన ‘కినో’ బృందంతో చివరి పెద్ద కచేరీ చేసింది అక్కడే. రెండు నెలలు తిరక్కుండానే కారు ప్రమాదంలో 28 ఏళ్లకే పోయాడు. ఆ సంగతి తెలిసే కాబోలు, మెటాలికా బేస్ గిటారిస్టు రాబర్ట్ ట్రుహియో నడిమధ్యలో త్సోయ్ పాటొకటి అందుకున్నాడు. రష్యన్‌లోనే. ఉచ్చారణ అటూఇటైంది. పర్లేదు, మిగతా పాట స్టేడియమే పాడేసింది. ఆ జనంలో తలనెరిసినవాళ్లు కూడా ఉన్నారు.