బూజును తినే పురుగు చెప్పే పాఠం

నెమపోగాన్ గ్రానెల్లా అనే చిన్న రెక్కల పురుగును 1758లో లిన్నేయస్ వర్ణించినప్పుడు దాని పేరులోనే ధాన్యాన్ని చేర్చాడు. నిల్వ ధాన్యాన్ని, ఎండు పుట్టగొడుగులను అది నష్టపరచేమాట నిజమే. అయితే అడవిలో దాని గొంగళిపురుగులు చెట్ల మానులపై పెరిగే శిలీంధ్రాలను తిని బ్రతుకుతాయి. కనిపించిన చోటును బట్టి పురుగుకు పేరు పెట్టవచ్చును గాని, నష్టానికి మూలకారణాన్ని నిర్ణయించరాదు.

పసుపు పరిశోధనా స్థానం ఉన్న కమ్మర్‌పల్లి ప్రాంతానికి ఈ వివేచన మిక్కిలి అవసరం. కుళ్ళిన దుంపను చీల్చగానే దుంప ఈగ పిల్లపురుగులు కనబడతాయి. వెంటనే గుళికల మందు సిఫారసు అవుతుంది. అల్లంపై మన దేశంలో జరిగిన పరిశీలనలు మాత్రం ఈ ఈగ ప్రధానంగా అప్పటికే తెగులు సోకిన దుంపలనే ఆశ్రయిస్తుందని సూచించాయి. పితియం వల్ల వచ్చే దుంపకుళ్ళుకు నీరు నిలిచిన నేల ప్రధాన అనుకూలత. అట్టి పొలంలో మురుగుకాలువ తీయక, విత్తన దుంపను శుద్ధి చేయక పురుగుమందు వేస్తే ఖర్చు మిగులుతుంది, కుళ్ళు ఆగదు.

నిల్వలోనూ ఇదే వరుస. ఉడికించిన కొమ్ములలో తేమ సుమారు 10 శాతానికి తగ్గే వరకు ఆరబెట్టాలి. ధర ఉన్నదని తొందరపడి సంచులకెత్తితే బూజు పడుతుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ పెరిగిన చోట అఫ్లాటాక్సిన్ ఏర్పడవచ్చు. పసుపులో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించరాదని యూరోపియన్ యూనియన్ నిబంధన. పొగబెట్టే మందు పురుగును చంపుతుంది. ఏర్పడిన విషాన్ని తొలగించదు.

సిగరెట్ పెంకుపురుగు వంటివి ఎండిన కొమ్మునే తొలుస్తాయి; వాటి నివారణ తప్పనిసరి. కావున పురుగులన్నీ నిర్దోషులని వాదించడం కాదు. ఏది పంటను తింటున్నది, ఏది పంటపై పెరిగిన శిలీంధ్రాన్ని తింటున్నది అని వేరుచేయకుండా సిఫారసు చేయరాదన్నదే అభిప్రాయం.

విస్తరణ శాస్త్రవేత్త రైతు పొలంలో మొదట అడగవలసినది "ఏ పురుగు?" అని కాదు, "నీరు ఎక్కడ నిలిచింది?" అని. గిడ్డంగిలో మొదట చూడవలసినది తేమను. విద్యార్థులకు పురుగుల నమూనాలను గుర్తించడంతో పాటు వాటి ఆహారాన్ని గుర్తించడం కూడా నేర్పిననాడు రైతుకు అనవసరపు మందు ఖర్చు తప్పుతుంది, పసుపుకు అవశేషాల బెడద తగ్గుతుంది.