మగ్గం మారిన నెలలో మజూరీ ఎవరిస్తారు?



మా సంఘంలో ఒక పెద్దాయన ముప్పై ఏళ్లకు పైగా గుంటమగ్గం మీద నేశారు. చీరాల చుట్టుపక్కల మా ఊళ్లలో వాన గట్టిగా పడితే గుంటలో నీళ్లు ఊరతాయి. అవి ఆరేదాకా పని ఉండదు. పోయిన ఏడాది ఆయన విసిగిపోయి గుంట పూడ్చేశారు. నేల మీద నిలబడే ఫ్రేము మగ్గం వేసి, పైన జాకార్డు పెట్టించారు.

సాదా నేతకు రెండు తొక్కుడు చెక్కలు చాలు. ఒక కాలు, నాడె, ఇంకో కాలు, నాడె. ఆ వరస ఒంటికి పట్టేస్తుంది. జాకార్డు దగ్గర అలా కుదరదు. రంధ్రాలు కొట్టిన అట్టలు వరుసగా కుట్టి పైన వేలాడుతుంటాయి. రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు దారాన్ని ఎత్తుతుంది, లేనిచోట వదిలేస్తుంది. పొరపాటున ఒక తొక్కు ఎక్కువ పడితే అట్ట ముందుకు జరిగిపోతుంది, అంచులో పువ్వు చెడుతుంది. ఫ్రాన్సులోని లియాన్‌కు చెందిన జోసెఫ్ మరీ జాకార్డు 1804లో చేసిన ఏర్పాటు ఇది. మా ఊళ్లో నేటికీ కాలి బలంతోనే నడుస్తోంది.

ఆయనకు నేర్పింది సొంత మేనల్లుడు. "మావయ్యా, కాలు తొందరపడుతోంది, ఆగు" అని ఆ కుర్రాడు అంటుంటే, పక్కింటివాళ్లు నవ్వుతుంటే, పెద్దాయన తల దించుకుని నేసింది ఊడదీశారు. జానెడు నేయడం, బెత్తెడు ఊడదీయడం. మొదటి చీర దిగడానికి నెల దాటింది. మజూరీ చీర లెక్కనే గదా. నేర్చుకునే రోజులకు షావుకారు పైసా ఇవ్వడు.

మగ్గం పేరెత్తితే చాలు, దేవుడు మన బ్రతుకును నేస్తున్నాడని చెప్పి ముగించేస్తాం మేము బోధకులం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ నెలలో ఆయన కానుక తగ్గిందని మేము గమనించాం, ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో అడగలేదు. ఇది మా తప్పు.

నిర్గమకాండం 35వ అధ్యాయం చివర చూడండి. బెసలేలుకూ అహోలీయాబుకూ దేవుడిచ్చిన నేర్పులో నేతపని ఉంది, ఇతరులకు నేర్పే మనసు కూడా ఉంది. నేర్పడం వరమైతే, యాభై దాటాక మేనల్లుడి ముందు కూర్చుని నేర్చుకోవడం చిన్నతనం ఎలా అవుతుంది? నవ్వినవారిలో మన సంఘస్థులూ ఉన్నారు, అందుకే రాస్తున్నాం.

మా అభిప్రాయం ఇది. మన స్త్రీలు ప్రతి పూటా తీసిపెట్టే గుప్పెడు బియ్యం, మగ్గం మార్చుకుంటున్న ఇంటికి మొదటి చీర దిగేదాకా వెళ్లాలి. ఆ ఇల్లు మన సంఘానిది కాకపోయినా సరే. గుడి పైకప్పు రేకులు ఇంకో ఏడాది ఆగుతాయి. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు, బియ్యం అమ్మిన డబ్బు రేకులకే అనుకున్నాం గదా అంటున్నారు. ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.

పెద్దాయన ఇప్పుడు మూడో చీర మీద ఉన్నారు. పోయిన వారం నవ్విన పక్కింటాయనే వచ్చి, అట్టల వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడట. "కూర్చో, తొక్కి చూడు" అని ఈయన పక్కకు జరిగారట.